మోడల్ హెలికాప్టర్లు: ప్రమాదాలు, భద్రత

నేలమీద నిలబడి రేడియో తరంగాలతో నడిపే చిన్న హెలికాప్టర్లను మోడల్ హెలికాప్టర్లు అంటారు. అరచేతిలో ఇమిడే బొమ్మల దగ్గర్నుంచి ఐదారు కిలోల పోటీ యంత్రాల దాకా ఇందులో అన్నీ ఉన్నాయి. వీటిని సరదాకి ఎగరేసేవాళ్లు 450, 550, 600, 700 అంటూ తరగతుల పేర్లతో పిలుచుకుంటారు. పెద్ద తరగతుల్లో ఆ అంకె రోటర్ బ్లేడు పొడవును దాదాపుగా మిల్లీమీటర్లలో చెబుతుంది. ప్రమాదం అనగానే ఆకాశంలో అదుపు తప్పి జనం మీద పడే యంత్రమే ఎవరికైనా గుర్తొస్తుంది. ప్రభుత్వ నిబంధనలు కూడా ఎక్కువగా ఆ భయం చుట్టూనే తిరుగుతాయి: ఎంత ఎత్తు దాటకూడదు, విమానాశ్రయానికి ఎంత దూరంలో ఉండాలి, బరువు ఎంత మించకూడదు. కానీ ఈ యంత్రాల వల్ల మనుషులకు దెబ్బలు తగిలిన తీరు చూస్తే సంగతి వేరుగా కనిపిస్తుంది. దెబ్బ తగిలేది చాలావరకు ఎగరేసే మనిషికే, కాకపోతే పక్కనున్న సహాయకుడికి. తగిలే చోటు అతని పనిబల్ల, యంత్రాన్ని లేపే నేల, అతని ఒంటికి పది మీటర్ల లోపు గాలి. అందుకని ఈ అభిరుచిలో భద్రతను ఎగరేసే నేర్పుతో కొలవడం సరికాదు. తిరిగే రెక్కకీ మనిషి ఒంటికీ మధ్య దూరం ఎంత, ఆ రెక్కకు శక్తి అందే దారి ఎప్పుడు తెరుచుకుంటుంది, ఎప్పుడు మూసుకుంటుంది అన్నవే అసలు కొలతలు.

ఎందుకో తెలియాలంటే 700 తరగతి యంత్రాన్ని ఒకసారి లెక్కగట్టి చూడాలి. బ్యాటరీతో కలిపి దాని బరువు సుమారు 5 కిలోలు. రోటర్ వ్యాసం దాదాపు 1.58 మీటర్లు. నిమిషానికి 2,000 చుట్లు దానికి మామూలు వేగమే. ఆ వేగంలో బ్లేడు కొస సెకనుకు 165 మీటర్లు, అంటే గంటకు దాదాపు 600 కిలోమీటర్ల చొప్పున గాలిని కోస్తుంటుంది. కార్బన్ ఫైబర్ బ్లేడు ఒక్కొక్కటి 190 గ్రాములు ఉంటుందనుకుంటే, తిరుగుతున్న జతలో ఉండే గతిజశక్తి రమారమి 2,000 జౌళ్లు. ఐదు కిలోల రాయిని 40 మీటర్ల ఎత్తు నుంచి వదిలితే నేలను తాకే క్షణంలో దానికుండే శక్తి కూడా ఇంతే. రాయికి ఆ శక్తి రావాలంటే ముందు అంత ఎత్తు ఎక్కాలి. హెలికాప్టర్ రోటర్‌కు ఎక్కడికీ ఎక్కనక్కర్లేదు, యంత్రం గడ్డిలో కదలకుండా కూర్చుని ఉండగానే అది వచ్చేస్తుంది, పైగా సన్నని బ్లేడు అంచున పేరుకుని ఉంటుంది. గట్టిగా తిరిగే రోటర్ కంటికి సరిగా ఆనదు కూడా. పలచని పొగమంచు పళ్లెంలా కనిపిస్తుందే తప్ప దాని అంచు ఎక్కడుందో చెప్పడం కష్టం. నేలమీద కూర్చున్న 700 యంత్రం ఎత్తు మోకాలి దాకా కూడా రాదు. నిలబడ్డ మనిషికి అదొక పిక్కల ఎత్తు వస్తువు. అదే మనిషి ప్లగ్గు సరిచేయడానికో, ఇంజిన్ సూదిమర తిప్పడానికో గొంతుక్కూర్చుంటే రోటర్ తిరిగే మట్టం అతని మెడకూ ముఖానికీ సరిగ్గా ఎదురవుతుంది. వెనక తోకరోటర్ ఇంకా చిన్నది. ప్రధాన రోటర్‌కు నాలుగైదు రెట్లు వేగంగా తిరుగుతుంది కాబట్టి అది మరీ కనపడదు.

అలాంటప్పుడు రెక్కల బరువు తగ్గించి ఈ శక్తిని కోసేయొచ్చు కదా అని అడగవచ్చు. అడగాల్సిన ప్రశ్నే. కానీ హెలికాప్టర్‌కు అదే శక్తి ప్రాణరక్షణ కూడా. మోటారు ఆగిపోతే బ్లేళ్ల వాలు తగ్గించి, కిందికి దిగేటప్పుడు ఎదురొచ్చే గాలితో రోటర్‌ను తిరుగుతూ ఉంచి, నేల దగ్గరపడ్డాక ఆ నిల్వ శక్తితోనే మెల్లగా దించుతారు. దీన్నే ఆటోరొటేషన్ అంటారు. ఇందుకోసం గేరులో ఒకవైపే పట్టే బేరింగు ఉంటుంది: మోటారు ఆగినా రోటర్ స్వేచ్ఛగా తిరుగుతుంది. మరీ తేలికైన రెక్కలు పెడితే దించే ఆఖరి క్షణానికి వాటిలో ఏమీ మిగలదు. కాబట్టి ఈ శక్తిని యంత్రం నుంచి తీసేయలేం, మనిషిని దానికి దూరంగా ఉంచడమొక్కటే చేయగలం. అదే బేరింగు వల్ల మరో చిక్కు ఉంది. మోటారును కట్టేసినా రోటర్ వెంటనే ఆగదు, ఇంకా చాలా సెకన్లు తిరుగుతూనే ఉంటుంది. చప్పుడు ఆగిందంటే యంత్రం ఆగిందని చెవి చెబుతుంది. దాన్ని నమ్మి చేయి చాచినవాళ్ల వేళ్లకు దెబ్బలు తగులుతాయి.

తొలిరోజుల్లో ఈ అభిరుచికి చెయ్యే ప్రధాన సమస్య. జర్మనీకి చెందిన డీటర్ ష్లూటర్ 1960ల చివర్లో మోడల్ హెలికాప్టర్‌ను అదుపులో ఎగిరే దశకు తెచ్చాడు. 1970లో దాన్ని అరగంటకు కాస్త తక్కువగా గాల్లో ఉంచి, 11 కిలోమీటర్లకు పైగా నడిపి అది బొమ్మ కాదని నిరూపించాడు. ఆ తర్వాత మూడు దశాబ్దాల పాటు వీటిని ఎక్కువగా ఇంధనంతో నడిచే చిన్న గ్లో ఇంజిన్లే నడిపాయి. ఇంజిన్‌ను విద్యుత్ స్టార్టర్‌తో తిప్పి లేపాలి. ఆ సమయంలో రెండో చేత్తో రోటర్ తలను గట్టిగా పట్టుకోవాలి. ఇంజిన్ నెమ్మదిగా తిరుగుతున్నంతసేపు సెంట్రిఫ్యూగల్ క్లచ్ పట్టదు, రోటర్ కదలదు. ట్రాన్స్‌మిటర్ మీద ఐడిల్-అప్ స్విచ్ పొరపాటున పైకి ఉంటే కథ మారిపోతుంది. గాల్లో పల్టీలు కొట్టేటప్పుడు ట్రాన్స్‌మిటర్ కర్ర కిందికి లాగినా వేగం తగ్గకుండా చూసే స్విచ్ అది. దానివల్ల ఇంజిన్ లేస్తూనే పూర్తి వేగం అందుకుంటుంది, క్లచ్ పట్టేస్తుంది, పట్టుకున్న చేతిలోంచి రోటర్ తన్నుకుంటుంది. అనుభవజ్ఞులు అప్పటినుంచీ చెప్పేది ఒకటే: తల వదలొద్దు, ఇంధనపు గొట్టాన్ని నొక్కి ఇంజిన్ చచ్చేదాకా పట్టుకునే ఉండు. సలహా మంచిదే. కానీ భయంతో చేయి వెనక్కి లాక్కోవడం మనిషి సహజ గుణం. సహజ గుణానికి ఎదురెళ్లమని చెప్పే సలహా పదిసార్లు పనిచేసినా పదకొండోసారి పనిచేయకపోవచ్చు.

ఆ కాలపు రెండో బెడద రేడియో. అమెరికాలో 72 మెగాహెర్ట్జ్, బ్రిటన్‌లోనూ ఐరోపాలోనూ 35 మెగాహెర్ట్జ్ పట్టీల్లో కొన్ని చానెళ్లే ఉండేవి. ఒకరు ఎగరేస్తుండగా అదే చానెల్ మీద ఇంకొకరు ట్రాన్స్‌మిటర్ వేస్తే గాల్లో ఉన్న యంత్రం ఎవరి మాటా వినదు. దీనికి క్లబ్బులు కనిపెట్టిన ఉపాయం ఒక చెక్క పలక. చానెల్‌కో క్లిప్పు ఉంటుంది. క్లిప్పు చేతికి వచ్చాకే ట్రాన్స్‌మిటర్ వేయాలి. తేలికైన ఏర్పాటు, చాలావరకు బాగానే పనిచేసింది. కానీ పక్క మైదానంలోనో, కార్ల పార్కింగులోనో పలక చూడకుండా స్విచ్ వేసిన ఒక్కడు చాలు దాన్ని ఓడించడానికి. 2000ల మధ్యలో 2.4 గిగాహెర్ట్జ్ స్ప్రెడ్ స్పెక్ట్రమ్ రేడియోలు వచ్చాక ఆ రకం ప్రమాదం దాదాపు తుడిచిపెట్టుకుపోయింది. రిసీవర్‌ను ముందే తన ట్రాన్స్‌మిటర్‌తో జత కలుపుతారు. ఆ తర్వాత మరొకరి సంకేతాన్ని అది పట్టించుకోదు. అప్రమత్తంగా ఉండమని చెప్పిన కాలమంతా సమస్య ఏదో రూపంలో మిగిలే ఉంది. పొరపాటు జరగడానికే వీల్లేని పరికరం వచ్చాక పోయింది. మిగతా జాగ్రత్తల విలువను తూచడానికి ఇదే మంచి తరాజు.

విద్యుత్ మోటార్లు, లైపో (లిథియం పాలిమర్) బ్యాటరీలు వచ్చాక ఇంజిన్ లేపే ప్రమాదం తగ్గింది. దాని చోటికి కొత్తది వచ్చింది. గ్లో ఇంజిన్ లేవాలంటే ఎవరో ఒకరు స్టార్టర్ పట్టుకు తిప్పాలి. విద్యుత్ మోటారుకు బ్యాటరీ ప్లగ్గు కలపడమే చాలు. 700 యంత్రంలో 12 సెల్స్ వరసగా ఉంటాయి, నిండుగా చార్జి చేస్తే 50 వోల్టులు దాటుతుంది. నాలుగు గోడల మధ్య, పనిబల్ల మీద సెట్టింగులు మారుస్తుండగా మోటారు లేచిందంటే యంత్రానికి కింద గడ్డి లేదు, మనిషికి వెనక్కి వెళ్లడానికి చోటు లేదు. ట్రాన్స్‌మిటర్ మెమరీలో వేరే మోడల్ ఎంచి ఉండటం, థ్రాటిల్ చానెల్ తలకిందులుగా ఉండటం, బల్ల మీద పెట్టిన ట్రాన్స్‌మిటర్ కర్రకు చొక్కా చేయి తగలడం, ఇలా దారులు ఎన్నో. ఇక్కడ తెలివైన జాగ్రత్త చాలా మామూలుది: సెట్టింగులు చేసేటప్పుడు మోటారుకు వెళ్లే మూడు తీగల్లో రెండైనా ఊడదీయడం, లేదా పినియన్ గేరును పెద్ద గేరు నుంచి పక్కకు జరపడం. అప్పుడు మోటారు తిరగనే తిరగదు, లేదా తిరిగినా రోటర్ కదలదు. రెండు నిమిషాల పని. ఆ రెండు నిమిషాలే బద్ధకం.

మైదానంలో పాటించే క్రమం కూడా ఈ తర్కం నుంచే పుట్టింది. ముందు ట్రాన్స్‌మిటర్ వేయాలి, మోడల్ పేరు చూసుకోవాలి, మోటారును ఆపి ఉంచే థ్రాటిల్ హోల్డ్ స్విచ్ వేసి ఉంచాలి, కర్ర కిందికి ఉండాలి. ఆ తర్వాతే బ్యాటరీ ప్లగ్గు. యంత్రాన్ని హోల్డ్ మీదే మోసుకెళ్లి నేలమీద పెట్టి, తాను వెనక్కి నడిచి తన చోట నిలబడ్డాకే హోల్డ్ తీయాలి. దించాక వరస తిరగబడుతుంది: హోల్డ్, బ్లేళ్లు పూర్తిగా ఆగేదాకా ఎదురుచూపు, బ్యాటరీ ఊడదీయడం, అన్నిటికన్నా చివర ట్రాన్స్‌మిటర్ కట్టేయడం. యంత్రంలో శక్తి ఉన్నంతసేపు దానికి ఆజ్ఞ ఇచ్చేవాడు ఉండాలన్నదే దీని సారం. కొత్త స్పీడ్ కంట్రోలర్లు కర్ర పైకి ఉంటే మోటారును లేపవు కదా, ఇంత చాదస్తం ఎందుకని కొందరు అంటారు. ఆ రక్షణ నిజమే. కాకపోతే అది బ్యాటరీ కలిపిన క్షణానికే పనికొస్తుంది. కలిపాక చేత్తో మోసుకెళ్తున్నప్పుడు మెడలో వేలాడే ట్రాన్స్‌మిటర్ కర్ర బెల్టుకు తగిలితే దాన్ని ఆపేది హోల్డ్ స్విచ్ ఒక్కటే.

ఇక గాల్లో జరిగే ప్రమాదాలు. 2013 సెప్టెంబరు 5న న్యూయార్క్ నగరంలోని బ్రూక్లిన్‌లో, కాల్వర్ట్ వాక్స్ పార్కులో 19 ఏళ్ల యువకుడు తాను ఎగరేస్తున్న 700 తరగతి హెలికాప్టర్ తలకు తగిలి అక్కడికక్కడే చనిపోయాడు. అదే ఏడాది జులైలో స్విట్జర్లాండ్‌లో ఒక వ్యక్తి తన మోడల్ హెలికాప్టర్ తగిలి తలకూ చేతికీ అయిన గాయాలతో మరణించాడు. బ్రూక్లిన్ ఘటనలో ఒక సంగతి మీద దృష్టి నిలపాలి. ఆ పార్కు మోడల్ విమానాలకు నగరం అనుమతించిన చోటు. యువకుడు కొత్తవాడు కాదు, విన్యాసాల్లో చేయి తిరిగినవాడు. అంటే చోటు సరైనదే, నేర్పు ఉంది, అనుమతి ఉంది, అయినా ప్రమాదం జరిగింది. దూకుడుగా ఎగరేశాడు కాబట్టి జరిగిందనీ, నిదానంగా ఎగరేసేవాళ్లకు ఇది వర్తించదనీ వాదించవచ్చు. దూకుడు ప్రమాదాన్ని పెంచుతుంది, కాదనలేం. కానీ లెక్క చూస్తే నిదానానికి కూడా పెద్ద మినహాయింపు దొరకదు. గంటకు 70 కిలోమీటర్ల వేగంతో వచ్చే యంత్రం పది మీటర్ల దూరాన్ని అర సెకనులో దాటేస్తుంది. ఏదో తేడాగా ఉందని గ్రహించడానికే పావు సెకను పోతుంది. మిగిలిన పావు సెకనులో వేలు కదలాలి, బ్లేళ్ల వాలు మార్చే చిన్న మోటార్లు, అంటే సర్వోలు, తిరగాలి, ఐదు కిలోల బరువు దారి మళ్లాలి. ఒక లింకు ఊడినా, ఒక సర్వో ఇరుక్కున్నా నేర్పుకు చేయడానికి మిగిలేదేమీ ఉండదు. అదే యంత్రం ముప్పై మీటర్ల అవతల ఉంటే సెకనున్నర దొరుకుతుంది. హోల్డ్ స్విచ్ లాగి పక్కకు తప్పుకోవడానికి అది చాలు.

1936లో మొదలైన అమెరికా మోడల్ విమాన సంఘం, అకాడమీ ఆఫ్ మోడల్ ఏరోనాటిక్స్, తన భద్రతా నియమావళిలో ఎగిరే యంత్రం ఏ మనిషికీ 25 అడుగుల కంటే దగ్గరికి రాకూడదని పెట్టింది. ఫ్లైట్ లైన్ దగ్గరున్న పైలట్‌కూ అతని సహాయకులకూ మాత్రం మినహాయింపు ఇచ్చింది. లేపడానికీ దించడానికీ వాళ్లు దగ్గరగా ఉండక తప్పదు కాబట్టి ఇచ్చిన మినహాయింపు అది. కానీ మనం చూసిన రెండు మరణాలూ సరిగ్గా ఆ మినహాయింపులోకే వస్తాయి. నియమం ప్రేక్షకుణ్ని కాపాడింది, ఎగరేసేవాణ్ని అతని విచక్షణకు వదిలేసింది. ముఖ్యంగా హెలికాప్టర్ విషయంలో పైలట్‌కూ ఒక కనీస దూరం రాసిపెట్టడం, క్లబ్బు మైదానాల్లో పైలట్ ముందు వలకంచె నిలబెట్టడం తప్పనిసరి కావాలి. దూరమైతే యంత్రం ఎటు తిరిగి ఉందో కనపడదన్న అభ్యంతరం వస్తుంది. ముక్కు తనవైపు తిరిగినప్పుడు కుడి ఎడమలు తారుమారై తికమకపడటం ఈ అభిరుచిలో సర్వసాధారణం కాబట్టి అభ్యంతరం న్యాయమైనదే. కళ్లకు కొట్టొచ్చే రంగుల కానోపీ, ముదురు రంగు బ్లేళ్లు కొంత ఆదుకుంటాయి. అయినా తికమకపడి ముప్పై మీటర్ల దూరంలో యంత్రం పోగొట్టుకుంటే అది డబ్బు నష్టం మాత్రమే.

సంకేతం తెగిపోతే ఏం జరగాలన్నది ఫెయిల్‌సేఫ్ నిర్ణయిస్తుంది. కొన్ని రిసీవర్లు చివరిగా అందిన ఆజ్ఞనే పట్టుకుని ఉంటాయి. కొన్నింటిలో మోటారు ఆగేలా పెట్టుకోవచ్చు. బ్రిటన్ పౌర విమానయాన సంస్థ మోడల్ విమానాల కోసం తెచ్చిన క్యాప్ 658 మార్గదర్శిక కనీసం ఇంజిన్ వేగమైనా తగ్గేలా దాన్ని అమర్చుకోవాలంది. మోటారు ఆపేస్తే యంత్రం కచ్చితంగా కూలుతుంది, పట్టుకుని ఉంటే సంకేతం తిరిగొచ్చి బతికే అవకాశం ఉంది కదా అని యజమాని ఆలోచిస్తాడు. యంత్రం ఖరీదు వైపు నుంచి చూస్తే అది సబబే. కానీ పూర్తి శక్తితో, ఎవరి అదుపూ లేకుండా వెళ్లే రోటర్ ఎక్కడ ఆగుతుందో చెప్పలేం. మోటారు ఆగినదైతే అప్పుడున్న చోటికి దగ్గర్లోనే, శక్తి తగ్గుతూ పడుతుంది. ఫెయిల్‌సేఫ్ పెట్టుకోవడంతో పని అయిపోదు. మోటారు తీగలు విప్పి, యంత్రాన్ని బల్లమీద ఉంచి, ట్రాన్స్‌మిటర్ కట్టేసి థ్రాటిల్ చానెల్ ఏమవుతుందో చూసుకోవాలి. రిసీవర్‌ను మళ్లీ జత కలిపిన ప్రతిసారీ ఇది కొత్తగా చూడాల్సిందే.

యంత్రభాగాల విషయంలో చెప్పుకోవాల్సింది ఒక మర గురించి. పైన చెప్పిన 700 రోటర్‌లో ఒక్కో బ్లేడు దాదాపు 370 కిలోల బరువుతో సమానంగా బయటికి లాగుతుంది. ఆ లాగుడును పట్టి ఉంచేవి 5 మిల్లీమీటర్ల బ్లేడు బోల్టు, రోటర్ తలలో అడ్డంగా ఉండే స్పిండిల్ కడ్డీ, దాని రెండు కొసల్లోని మరలు. ఆ మరకు లాక్ జిగురు పూయకపోయినా, పాత జిగురు తుడవకుండా కొత్తది పూసినా, కంపనానికి అది వదులవుతుంది. వదులైన మర ఊడితే బ్లేడు తుపాకీ గుండులా ఎగిరిపోతుంది. కూలిన తర్వాత పైకి కనిపించే విరుగుళ్లు మార్చి స్పిండిల్‌ను అలాగే ఉంచడం చాలామంది చేసే పొదుపు. వంగిన స్పిండిల్‌ను తీసి అద్దం మీద దొర్లిస్తే తప్ప కంటికి దొరకదు. బ్లేడు మీద వెంట్రుకవాసి చీలిక ఉన్నా దాన్ని పారేయాలి. అంతర్జాతీయ వైమానిక సమాఖ్య పోటీల్లో లోహపు బ్లేళ్లను నిషేధించడానికి కారణం ఊహించడం కష్టం కాదు. బ్యాటరీల సంగతికి వస్తే, కూలినప్పుడు నలిగిన లైపో కొన్ని నిమిషాల తర్వాత కూడా అంటుకోవచ్చు. కాబట్టి దాన్ని కారులో పెట్టుకుని ఇంటికి బయల్దేరకూడదు.

ఇన్ని జాగ్రత్తలకు ఎదురుగా రెండు మాటలు వినపడతాయి. మొదటిది, ప్రపంచంలో ఇన్ని వేలమంది ఎగరేస్తుంటే మరణాలు వేళ్లమీద లెక్కపెట్టేటన్నే కదా అన్నది. మరణాలు అరుదన్నది నిజం. అయితే మరణాలతోనే కొలిస్తే తెగిన వేళ్లు, పోయిన కళ్లు లెక్కలోకి రావు. 2015లో ఇంగ్లండ్‌లోని స్టౌర్‌పోర్ట్‌లో కుటుంబ స్నేహితుడు ఎగరేస్తున్న డ్రోన్ చెట్టుకు తగిలి అదుపు తప్పింది. దాని ప్రొపెల్లర్ తగిలి పద్దెనిమిది నెలల పసివాడు ఒక కన్ను పోగొట్టుకున్నాడు. ఆ ప్రొపెల్లర్ 700 బ్లేడు ముందు ఏపాటిది? చిన్నదైతే భయం లేదన్న ధీమాకు ఇదే జవాబు. రెండోది, ఎలక్ట్రానిక్స్ అంతా చూసుకుంటుందన్నది. మూడు అక్షాల గైరోలు వచ్చి రోటర్‌ను నిలకడగా ఉంచే పాత ఫ్లైబార్ కడ్డీని తీసేశాయి. స్విచ్ వేస్తే యంత్రాన్ని నిటారుగా తిప్పి పైకి లేపే రెస్క్యూ సదుపాయమూ వచ్చింది. తికమకపడ్డ కొత్తవాడికి అదొక వరం. కానీ దానికి పైలట్ ఎక్కడున్నాడో తెలియదు. తలకిందులుగా ఉన్న యంత్రాన్ని అది ఎటు తిప్పి లేపుతుందో, ఆ దారిలో ఎవరున్నారో చూసుకునే పని మళ్లీ మనిషిదే. పైగా రక్షించేది ఒకటుందన్న ధైర్యం యంత్రాన్ని ఇంకాస్త కిందికి, ఇంకాస్త దగ్గరికి తెప్పిస్తుంది.

భారతదేశంలో 2021 ఆగస్టు 25న అమల్లోకి వచ్చిన డ్రోన్ రూల్స్ బరువును బట్టి తరగతులు చేశాయి: 250 గ్రాముల దాకా నానో, 2 కిలోల దాకా మైక్రో, 25 కిలోల దాకా స్మాల్, ఆపైన మీడియం, లార్జ్. సరదాకీ చదువుకీ కనుచూపు మేరలో ఎగరేసే, 25 కిలోలు మించని మోడళ్లను విడిగా గుర్తించి, వాటికి టైప్ సర్టిఫికెట్ అక్కర్లేదన్నాయి. అభిరుచి బతకాలంటే ఈ సడలింపు అవసరమే. కానీ బరువు ఒక్కటే కొలతైతే ఐదు కిలోల క్వాడ్‌కాప్టర్, ఐదు కిలోల 700 హెలికాప్టర్ ఒకే గాటన పడతాయి. మొదటిదానిలో నాలుగు తేలికపాటి ప్రొపెల్లర్లు, ఆజ్ఞ ఆగగానే ఆగేవి. రెండోదానిలో రెండు వేల జౌళ్లతో చాలాసేపు తిరిగే రెక్క. బరువు పక్కన రోటర్ వ్యాసమూ వేగమూ ఉంటే తప్ప ఆ తేడా కాగితం మీదికి రాదు.

ఈ అనుభవం ఇప్పుడు తెలుగు పల్లెలకూ పనికొస్తుంది. 2023 నవంబరులో కేంద్రం ఆమోదించిన నమో డ్రోన్ దీదీ పథకం దేశంలో 15,000 మహిళా స్వయం సహాయక సంఘాలకు పిచికారీ డ్రోన్లు ఇవ్వాలని సంకల్పించింది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ పొలాల్లో అవి ఎగురుతున్నాయి. వీటి పొడవాటి కార్బన్ రెక్కలకు మామూలు కెమెరా డ్రోన్ రెక్కలతో పోలిక లేదు. ఒక చార్జి మీద ఎక్కువసేపు ఎగరవు కాబట్టి గట్టు మీద రోజుకు ఎన్నోసార్లు దించాలి, మందు నింపాలి, బ్యాటరీ మార్చాలి. వింత చూడటానికి పిల్లలు అప్పటికే చుట్టూ మూగి ఉంటారు. మందు ట్యాంకు నింపే మనిషి రెక్కల మధ్యకు వంగే ఆ కాసేపు, మోడల్ మైదానంలో బ్యాటరీ ప్లగ్గు కలిపే క్షణానికి అచ్చంగా సాటి. ఇద్దరు మనుషులున్న జట్టులో ఒకరు ట్రాన్స్‌మిటర్ పట్టుకుని రెక్కలన్నీ ఆగాయని పైకి చెప్పాలి, అది వినపడ్డాకే రెండోవారు డ్రోన్ వైపు అడుగు వేయాలి. బ్యాటరీ విప్పాకే ట్యాంకు మూత తెరవాలి. నింపడం అయి, గట్టు మీద గీత గీసి అందర్నీ దాని వెనక నిలబెట్టాకే బ్యాటరీ మళ్లీ కలపాలి.